కుప్పం ఐ-కమ్యూనిటీ

కుప్పం ఐ-కమ్యూనిటీ ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములోని చిత్తూరు జిల్లా, కుప్పం ప్రాంతములో 2002లో ప్రారంభమైన గ్రామీణ సమాచార సాంకేతిక పథకము. అమెరికాకు చెందిన హ్యూలెట్-ప్యాకార్డ్ (హెచ్.పి.) సంస్థ రాష్ట్ర ప్రభుత్వముతో కలిసి దీనిని మూడేళ్ళ పథకముగా చేపట్టినది. ఉమ్మడి కంప్యూటర్ పేదలకు, స్త్రీలకు ఎంతవరకు అందగలదో తెలుసుకొనుటకు ఇది మంచి ఉదాహరణ.

నేపథ్యము

కర్ణాటక, తమిళనాడు సరిహద్దులలో ఉన్న కుప్పం శాసనసభ నియోజకవర్గానికి నారా చంద్రబాబు నాయుడు 1989 నుండి ప్రాతినిధ్యము వహిస్తున్నాడు. పథకము ఆరంభమైనపుడు ఆయనే ముఖ్యమంత్రి. వ్యవసాయముపై ఆధారపడిన ఈ ప్రాంతములో ఇంటింటా కంప్యూటర్ ఉండుట నాడు అసాధ్యము. అందువలన పలువురు కలిసి వాడుకొనుటకు సామాజిక సమాచార కేంద్రాలను నెలకొల్పారు.

మహిళా ఫోటోగ్రాఫర్లు

పథకములో విశేషముగా చెప్పుకోదగినది గ్రామీణ ఫోటోగ్రాఫర్ల కార్యక్రమము. స్వయం సహాయక సంఘాల మహిళలకు డిజిటల్ కెమెరా, ప్రింటరు, సౌరశక్తి పరికరము ఇచ్చి శిక్షణ ఇచ్చారు. వారు ఊరూరా తిరిగి గుర్తింపు కార్డులకు, శుభకార్యాలకు ఫోటోలు తీసి అక్కడికక్కడే ముద్రించి ఆదాయము పొందారు. ఇక్కడ స్త్రీ యంత్రము వద్దకు వెళ్ళుట కాక, యంత్రమే ఆమె చేతికి వచ్చినది.

లింగ, వర్గ భేదాలు

ఉమ్మడి కంప్యూటర్ అందరిదీ అయినను అందరికీ సమానముగా అందదు. వర్ధమాన దేశాలలో సాధారణముగా కనిపించే అడ్డంకులు ఇవి:

* రుసుము, కూలి పని మానుకొని రావలసిన నష్టము.
* పురుషులు గుమిగూడే చోటికి ఆడపిల్లలను పంపుటకు ఇంటివారి సంకోచము.
* చదువు, ఆంగ్లము రాకపోవుట.

పాఠశాలలలోను ఇదే స్థితి. ఒక కంప్యూటర్ చుట్టూ పలువురు పిల్లలు చేరినపుడు మౌస్ ఒకరి చేతిలోనే ఉండి, మిగిలినవారు చూచేవారుగా మిగులుతారు. దీనికి పరిష్కారముగా బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధనా విభాగము, ఒకే తెరపై ప్రతి పిల్లవానికి, పిల్లకు వేరు మౌస్ ఉండే పద్ధతిని 2006లో ప్రతిపాదించినది.

అనంతర పరిణామాలు

2004 ఎన్నికలలో రాష్ట్ర ప్రభుత్వము మారినది. తరువాతి కాలములో మొబైల్ ఫోను కంప్యూటర్ కేంద్రాల స్థానాన్ని చాలావరకు ఆక్రమించినది. అయినను భేదము తొలగలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారము ఆంధ్ర ప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21.0 శాతము కాగా, పురుషులు 48.8 శాతము. ఇంట్లో ఒకే ఫోను ఉన్నచోట అది ఎవరి చేతిలో ఉంటుందనే ప్రశ్న, నాటి కేంద్రములో మౌస్ ఎవరి చేతిలో ఉన్నదనే ప్రశ్న వంటిదే.