కాళ్లు పడగొట్టిన పప్పు



కంద తరిగేటప్పుడు చేతులు దురద పెట్టని ఇల్లాలు ఉండదు. చేతికి నూనె రాసుకుంటాం, చింతపండు పులుసు పోసి మెత్తగా ఉడికిస్తాం. సరిగ్గా ఉడక్కపోతే మొదటి ముద్దకే గొంతు గీరుతుంది, ఆ సంగతి కంచం ముందు కూర్చున్నవాళ్లు మనకంటే ముందే చెప్పేస్తారు. చేదు సొరకాయ అయితే నాలికే వద్దంటుంది. ఇవన్నీ నోటికి తెలిసే విషాలు. నేనీవేళ చెప్పబోయేది నోటికి తెలియని దాన్ని గురించి.

మేముండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. మా చెల్లెలు ఎల్.బి. నగర్ అవతల ఉంటుంది. వాళ్ల వీధిలో కొత్త అపార్టుమెంట్లు కడుతున్నారు. పనికి వచ్చినవాళ్లలో ఛత్తీస్‌గఢ్ వాళ్లు చాలామంది. వాళ్లలో ఒకావిడ సాయంత్రాలు మా చెల్లెలింట్లో గిన్నెలు తోముతుంది. ఒకరోజు నేను చాటలో శనగపప్పు ఏరుతుంటే చూసి, "దీదీ, మా ఊళ్లో ఇలాంటిదే తివ్‌రా పప్పు ఉంటుంది. దాని ఆకు కూడా కూర వండుకుంటాం" అంది. బాగుంటుందా అని అడిగాను. "ఏమీ పండని ఏడు అదే బాగుంటుంది" అంది.

ఆ తివ్‌రాయే హిందీవాళ్ల ఖేసరీ పప్పు, మన లంక పప్పు. దీని కథ చాలా పాతది. ఆయుర్వేదంలో "కలాయ ఖంజం" అని ఒక రోగం పేరుంది. కలాయం అంటే బఠానీ జాతి గింజ, ఖంజం అంటే కుంటి. గింజకూ కుంటితనానికీ సంబంధం మన పూర్వులు కనిపెట్టే ఉంటారన్నమాట.

స్లీమన్ అనే ఇంగ్లీషు దొర, థగ్గులను పట్టించినాయన, 1844లో అచ్చయిన తన పుస్తకంలో మధ్య భారతంలోని సాగర్ ప్రాంతం సంగతి రాశాడు. 1829లో వడగళ్లు పడి గోధుమ పోయింది. 1830లో వానల్లేవు. 1831లో తెగులు వచ్చింది. మూడేళ్లూ చెక్కుచెదరకుండా పండింది ఈ గింజ ఒక్కటే. జనం దాన్నే తిన్నారు. 1833 వచ్చేసరికి ముప్ఫై ఏళ్లలోపు వాళ్లకు నడుం కింద కాళ్లు ఉన్నట్టుండి పడిపోవడం మొదలైంది. రాత్రి బాగా పడుకున్నవాడు పొద్దున్న లేవలేడు. ఇక ఆ కాళ్లు తిరిగి రావు.

ఈ రోగాన్ని డాక్టర్లు కొలిచే తీరు వింటే మనసు కలుక్కుమంటుంది. కర్ర లేకుండా మునివేళ్ల మీద నడిచే దశ, ఒక కర్ర దశ, రెండు కర్రల దశ, చివరికి చేతుల మీద పాకే దశ. ఆడవాళ్లకంటే వయసులో ఉన్న మగవాళ్లకే ఎక్కువగా వస్తుంది. అంటే ఇంటికి కూలి తెచ్చేవాడికే.

అలాంటి గింజను ఎందుకు పండిస్తారని మీరడగవచ్చు. మన కృష్ణా డెల్టాలో వరి కోయకముందే చేలో మినుములు చల్లుతారు చూడండి, అక్కడ దీన్ని అలాగే చల్లుతారు. మిగిలిన తడితోనే పండుతుంది. నీరు పెట్టక్కర్లేదు. పైగా మాంసకృత్తుల లెక్క చూస్తే మన కందిపప్పులో నూటికి 22 పాళ్లుంటే దీనిలో 28! మంచి పప్పులన్నిటినీ మించిన పప్పులోనే ఇది కూడా ఉండటం చూడండి.

నేను మెట్రిక్ చదివినదాన్ని, అంచేత నాకర్థమైనంత చెబుతాను. ఇందులోని విషాన్ని 1964లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎస్.ఎల్.ఎన్. రావు, అడిగ, శర్మ గార్లు విడదీసి చూపించారు. అది మన నరాల్లో సహజంగా ఉండే ఒక పదార్థాన్ని పోలి ఉంటుంది. నరం మోసపోతుంది, అతిగా ఉద్రేకపడి దెబ్బతింటుంది. ఎప్పుడో ఒకసారి తింటే ఏమీ కాదు. రెండు మూడు నెలలపాటు తిండిలో పెద్ద భాగం అదే అయితేనే ప్రమాదం.

అలా ఎవరు తింటారు? మధ్యప్రదేశ్‌లోని రీవా జిల్లాలో భూస్వాముల దగ్గర కట్టుబడి పనిచేసిన పాలేళ్లకు కూలి కింద కొలిచింది ఈ గింజే. ఇచ్చినవాడు గోధుమలు తిన్నాడు, పుచ్చుకున్నవాడు కర్ర పట్టాడు.

ఇక్కడ మన హైదరాబాదు ప్రస్తావన వస్తుంది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో పుట్టి 1958లో మన ఊరు వచ్చింది. అక్కడ డాక్టర్ సి. గోపాలన్ గారు, సహచరులు 1960లలో ఈ పప్పు మీద పనిచేశారు. వారు చెప్పింది మన వంటింటి పద్ధతే: వేడినీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబొయ్యడం, లేదా ఉప్పుడు బియ్యంలాగా ఉడకబెట్టి ఆరబెట్టడం. విషం నీళ్లలో కరుగుతుంది గనుక చాలావరకు పోతుంది. కొన్ని విటమినులూ దాంతోపాటే పోతాయి. అయితే నీళ్లు మోసుకురావాలి, పొయ్యి రెండుసార్లు వెలిగించాలి. పొద్దుగూకి కూలినుంచి వచ్చిన మనిషికి ఆ కట్టెలెక్కడివి? కాగితం మీద ఎంతో సులువైన ఉపాయం ఊళ్లో సులువు కాదు.

1961లో కల్తీ నిరోధక చట్టం కింద ఈ పప్పు అమ్మకం నిషేధించారు. కొన్ని రాష్ట్రాలు అమలుచెయ్యనేలేదు. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనల్లోకీ ఆ నిషేధం వచ్చింది. చౌక గనుక కందిపప్పులో, శనగపిండిలో కలిపే వ్యాపారులుండేవారు. ఆ నిషేధం ఎక్కువగా కాపాడింది మన బజ్జీల పిండినేనని నాకనిపిస్తుంది. విడిపప్పు కొనేటప్పుడు చూసుకోండి: లంక పప్పు బద్ద గుండ్రంగా ఉండదు, అంచులు తేలి పలకగా, ఒకవైపు వాలుగా ఉంటుంది. పిండి అయ్యాక కంటికి దొరకదు.

మళ్లీ వెళ్లినప్పుడు ఆవిడకు ఇదంతా నాకొచ్చిన హిందీలో చెప్పాను. గిన్నె పక్కన పెట్టి విన్నది. వాళ్ల పెదనాన్న రెండు కర్రలతో నడిచేవాడట, ఊళ్లో అందరూ వాతం అనుకున్నారట. ఇప్పుడు ఇక్కడ ఏం వండుకుంటున్నావని అడిగాను.

"బియ్యం, టమాటా, పచ్చిమిరప. పప్పు ఆదివారం నాడు, దీదీ" అంది.