గూఢలిపి ఛేదన నుంచి సైబర్ భద్రత దాకా: మహిళల శిక్షణ, సంఘాలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
• రెండవ ప్రపంచ యుద్ధకాలంలో గూఢలిపి ఛేదనలో మహిళల పాత్రను వివరించగలుగుతారు.
• యుద్ధానంతరం వారి కృషి మరుగున పడటానికి కారణాలను విశ్లేషించగలుగుతారు.
• 1987 తరవాత ఏర్పడిన మహిళా సంఘాలు ఏ లోటును తీర్చడానికి ప్రయత్నించాయో చెప్పగలుగుతారు.

9.1 పరిచయం

సైబర్ భద్రత రంగంలోకి మహిళలు ఈ మధ్యనే అడుగుపెట్టారని చాలామంది భావిస్తారు. చరిత్రను పరిశీలిస్తే ఈ అభిప్రాయం సరికాదని తెలుస్తుంది. శత్రువుల రహస్య సందేశాలను చదవడం, మన సందేశాలు శత్రువుల చేతికి చిక్కకుండా చూడటం అనే రెండు పనులు నేటి సమాచార భద్రతకు ముఖ్యమైన మూలాలు. రహస్య సందేశాన్ని దాని తాళం తెలియకుండానే విప్పి చదవడాన్ని గూఢలిపి ఛేదన అంటారు. ఎనభై ఏళ్ల కిందటే ఈ పనిలో వేలాదిమంది మహిళలు ఉన్నారు. అయినా తరవాతి తరాల అమ్మాయిలకు ఈ రంగం కొత్తగానే కనిపించింది. ఎందుకు? ఈ యూనిట్‌లో ఆ ప్రశ్నకు సమాధానం వెతుకుదాం.

9.2 తపాలాలో వచ్చిన పాఠాలు

1941 చివరి నెలల్లో అమెరికా నౌకాదళం కొన్ని ప్రముఖ మహిళా కళాశాలల నుంచి చివరి సంవత్సరం విద్యార్థినులను రహస్యంగా ఎంపిక చేసింది. వారిని అడిగిన ప్రశ్నల్లో రెండు ప్రసిద్ధికెక్కాయి. గళ్ల నుడికట్టు పూరించడం ఇష్టమేనా? పెళ్లి నిశ్చయమైందా? మొదటిదానికి అవునని, రెండోదానికి కాదని చెప్పినవారికి అవకాశం దొరికింది. వారికి కవర్లలో పాఠాలు అందేవి. వారం వారం సమస్యలు సాధించి జవాబులను వాషింగ్టన్‌కు పంపాలి. ఏం చదువుతున్నారో ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకూడదు. కోర్సు పూర్తి చేసినవారు 1942లో నౌకాదళ కార్యాలయాల్లో చేరారు. పాఠాలు చదివి అసైన్‌మెంట్లు పంపే మీకు ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. నేటి సైబర్ భద్రత పూర్వ చరిత్రలో మహిళలకు తెరుచుకున్న దారుల్లో ఒకటి దూరవిద్యే అని గమనించండి.

సైన్యం మరో మార్గం ఎంచుకుంది. దక్షిణాది రాష్ట్రాల చిన్న ఊళ్లలో పనిచేస్తున్న పాఠశాల ఉపాధ్యాయినులను పెద్ద సంఖ్యలో చేర్చుకుంది. వర్జీనియాలోని ఆర్లింగ్టన్ హాల్ వారికి కేంద్రమైంది. అది అంతకుముందు బాలికల జూనియర్ కళాశాల. సైన్యం, నౌకాదళం రెండింటిలో కలిపి పదివేలమందికి పైగా మహిళలు ఈ పని చేశారు. ఆర్లింగ్టన్ హాల్‌లో నల్లజాతి ఉద్యోగుల విభాగం ఒకటి ఉండేది. అందులోనూ మహిళలు చాలామంది ఉన్నారు. వాణిజ్య సంస్థల గూఢలిపి సందేశాలను వారు పరిశీలించేవారు. కానీ జాతి వివక్ష కారణంగా వారిని వేరుగా కూర్చోబెట్టారు. అవకాశం వచ్చిన చోట కూడా అది అందరికీ సమానంగా రాలేదని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

వారి ప్రతిభకు ఒక ఉదాహరణ చూడండి. జెనీవీవ్ గ్రోట్జాన్ గణితం బోధించాలని కోరుకున్నారు. విశ్వవిద్యాలయంలో ఉద్యోగం దొరకలేదు. ప్రభుత్వ సేవలో చేరారు. 1940 సెప్టెంబరులో, జపాన్ దౌత్యవేత్తలు వాడే ‘పర్పుల్’ గూఢలిపి సందేశాల్లో ఒక క్రమాన్ని ఆమె కనిపెట్టారు. ఆ యంత్రం గుట్టు విప్పడానికి అదే కీలకమైంది.

బ్రిటన్‌లోని బ్లెచ్లీ పార్క్‌లోనూ పరిస్థితి ఇలాంటిదే. 1945 ఆరంభానికి అక్కడ దాదాపు 9,000 మంది పనిచేసేవారు. వారిలో నాలుగింట మూడు వంతులు మహిళలే. గణితంలో దిట్ట అయిన జోన్ క్లార్క్‌కు జీతం పెంచాలనుకున్నప్పుడు అధికారులకు చిక్కు ఎదురైంది. ఆమె చేసే పనికి తగిన హోదా మహిళలకు లేదు. చివరికి ఆమెను ‘భాషావేత్త’ హోదాలోకి మార్చారు. ఇతర భాషలేవీ ఆమెకు రావు! 1944లో ఆమె తన విభాగానికి ఉపాధిపతి అయ్యారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
అమెరికా నౌకాదళం, సైన్యం మహిళలను ఎంపిక చేసుకున్న పద్ధతుల్లో తేడా ఏమిటి?

9.3 యుద్ధం ముగిసిన తరవాత

ఇంతమంది నైపుణ్యం సాధించినా, యుద్ధం ముగిశాక వారిలో అత్యధికులు ఆ రంగాన్ని వదిలారు. ఇందుకు మూడు కారణాలు చెప్పుకోవచ్చు.

మొదటిది, అవి యుద్ధావసరం కోసం పుట్టిన ఉద్యోగాలు. అవసరం తీరగానే చాలా వరకు రద్దయ్యాయి. రెండవది, పెళ్లయి పిల్లలు పుట్టిన మహిళ ఇంట్లో ఉండాలన్న ఆనాటి సామాజిక దృక్పథం. మూడవది, రహస్యం. చేసిన పనిని జీవితాంతం బయటపెట్టబోమని వారు ప్రమాణం చేశారు. బ్లెచ్లీ పార్క్ సంగతి విస్తృతంగా లోకానికి తెలిసింది 1974లో. అప్పటిదాకా ఒక తల్లి కూతురికి కూడా ‘నేను ఈ పని చేశాను’ అని చెప్పుకోలేకపోయింది.

ఎలిజబెత్ ఫ్రీడ్‌మన్ జీవితం దీనికి నిదర్శనం. ఆమె మద్యనిషేధ కాలంలో అమెరికా తీర రక్షక దళం తరఫున స్మగ్లర్ల సంకేతాలను విప్పారు. యుద్ధకాలంలో దక్షిణ అమెరికాలోని జర్మన్ గూఢచారుల సందేశాలను ఛేదించారు. కానీ ఆ ఘనత బహిరంగంగా ఎఫ్‌బీఐకి దక్కింది. 1980లో ఆమె మరణించారు. యుద్ధకాలపు పత్రాలపై రహస్య ముద్ర తొలగింది 2008లో.

నిలదొక్కుకున్నవారు లేకపోలేదు. 1942లో ఆర్లింగ్టన్ హాల్‌లో చేరిన యాన్ కారాక్రిస్టీ యుద్ధానంతరం కొద్దికాలం ఒక వార్తాపత్రికలో పనిచేసి, తిరిగి అదే వృత్తిలోకి వచ్చారు. 1980లో అమెరికా జాతీయ భద్రతా సంస్థకు ఉపసంచాలకురాలైన తొలి మహిళ ఆమే. అయితే ఒక వ్యక్తి పైకి రావడం వేరు, వెనక వచ్చేవారికి దారి ఏర్పడటం వేరు.

ఆ దారి లేని లోటు కంప్యూటర్ల యుగంలో స్పష్టంగా కనిపించింది. 1984 ప్రాంతంలో అమెరికాలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీలు పొందినవారిలో మహిళలు సుమారు 37 శాతం. 2010 నాటికి అది 18 శాతం దరిదాపులకు పడిపోయింది. ఇంటి కంప్యూటర్లను అబ్బాయిల ఆటవస్తువుగా ప్రచారం చేయడం ఒక ముఖ్య కారణమని పలువురు పరిశీలకుల అభిప్రాయం.

9.4 సంఘాల ఆవిర్భావం

1987లో ఆపరేటింగ్ సిస్టమ్స్‌పై జరిగిన ఒక సదస్సుకు హాజరైన మహిళలు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. వారిలో ఒకరైన అనీటా బోర్గ్ మిగిలినవారి ఈ-మెయిల్ చిరునామాలు తీసుకుని ‘సిస్టర్స్’ అనే బృందాన్ని ప్రారంభించారు. వేరువేరు నగరాల్లో, ఒక్కో కార్యాలయంలో ఒంటరిగా ఉన్న మహిళలు అందులో సాంకేతిక సందేహాలూ ఉద్యోగ సమస్యలూ చర్చించుకునేవారు. 1994లో ఆమె టెల్ వైట్నీతో కలిసి గ్రేస్ హాపర్ పేరిట మహిళల సదస్సును ప్రారంభించారు.

ప్రత్యేకంగా సైబర్ భద్రత కోసం పుట్టిన సంఘాల్లో ‘విమెన్ ఇన్ సైబర్‌సెక్యూరిటీ’ ముఖ్యమైనది. టెన్నెసీ టెక్ విశ్వవిద్యాలయ అధ్యాపకురాలు అంబరీన్ సిరాజ్, జాతీయ విజ్ఞాన ఫౌండేషన్ ఆర్థిక సహాయంతో 2012లో దీనికి శ్రీకారం చుట్టారు. తొలి సదస్సు 2014లో నాష్‌విల్‌లో జరిగింది. ఈ సంఘం చేసే పనులను, వాటి ప్రయోజనాన్ని ఇలా అర్థం చేసుకోవచ్చు:

• ఉపకార వేతనం: సదస్సుకు వచ్చే ఖర్చు భరించలేని విద్యార్థినికి అవకాశం కల్పిస్తుంది.
• మార్గదర్శనం: అనుభవజ్ఞురాలు కొత్తగా వచ్చినవారికి తోడుగా నిలుస్తుంది. తన ఇబ్బంది తన ఒక్కదానిదే కాదని ఆమెకు తెలుస్తుంది.
• విద్యార్థి శాఖలు: చదువుకునే చోటే సాధన, పోటీలు జరుగుతాయి.
• ఉద్యోగ మేళాలు: పరిచయస్థుల ద్వారా మాత్రమే తెలిసే ఖాళీల సమాచారం అందరికీ అందుతుంది.

యుద్ధకాలపు మహిళలకు శిక్షణ దొరికింది, పని దొరికింది. ఒకరి అనుభవం మరొకరికి అందే ఏర్పాటు మాత్రం లేదు. ఈ సంఘాలు పూరించే ఖాళీ అదే.

వీటి పరిమితులనూ గుర్తించాలి. జీతాల్లో తేడా, పదోన్నతి, పనివేళలు యాజమాన్యాల చేతిలో ఉంటాయి. భద్రతా పర్యవేక్షణ కేంద్రాలు రాత్రింబవళ్లు నడుస్తాయి. సురక్షితమైన రవాణా, పిల్లల సంరక్షణ లేకపోతే సంఘం ఎంత ప్రోత్సహించినా మహిళ ఆ ఉద్యోగంలో కొనసాగడం కష్టం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
మార్గదర్శనం, ఉపకార వేతనం ఏ ఏ సమస్యలను పరిష్కరిస్తాయి?

9.5 భారతదేశంలో అవకాశాలు

మన దేశంలో 2018లో మైక్రోసాఫ్ట్, డేటా సెక్యూరిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కలిసి ‘సైబర్ శిక్ష’ కార్యక్రమాన్ని ప్రారంభించాయి. ఇంజినీరింగ్ చదివిన మహిళలకు ఈ రంగంలో శిక్షణ ఇచ్చి ఉద్యోగాలకు సిద్ధం చేయడం దీని ఉద్దేశం. ఇంటి నుంచే చదవదలచినవారికి 2017లో ప్రారంభమైన స్వయం వేదిక అందుబాటులో ఉంది. మీరు బి.ఎ. లేదా బి.కాం. చదువుతున్నా వెనకడుగు వేయనవసరం లేదు. ఆర్లింగ్టన్ హాల్‌కు వచ్చిన ఉపాధ్యాయినుల్లో చాలామందికి ముందుగా గూఢలిపి అంటే ఏమిటో తెలియదు. ఓర్పు, క్రమాన్ని పసిగట్టే చూపు వారి పెట్టుబడి. అయితే ఒంటరిగా చదవకండి. మీ అధ్యయన కేంద్రంలో ఇదే ఆసక్తి ఉన్న మరో ఇద్దరిని కలుపుకోండి.

9.6 సారాంశం

సమాచార భద్రతకు పునాది వేసినవారిలో మహిళలు వేలల్లో ఉన్నారు. తాత్కాలిక ఉద్యోగాలు, సామాజిక దృక్పథం, రహస్య ప్రమాణం వారి అనుభవాన్ని తరవాతి తరానికి చేరనివ్వలేదు. 1987 నుంచి ఏర్పడిన సంఘాలు ఆ తెగిన గొలుసును తిరిగి కలపడానికి కృషి చేస్తున్నాయి. నైపుణ్యంతో పాటు గుర్తింపు, తోడు, అనుకూలమైన పని పరిస్థితులు ఉంటేనే అది వృత్తిగా నిలుస్తుంది.

9.7 మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో గూఢలిపి ఛేదనలో మహిళల కృషిని వివరించండి.
2. యుద్ధానంతరం ఆ కృషి మరుగున పడటానికి కారణాలేమిటి?
3. సైబర్ భద్రతలో మహిళా సంఘాల ప్రయోజనాలను, పరిమితులను చర్చించండి.