ముక్కు వెనుక క్యాన్సర్: అద్దం నుంచి రక్తపరీక్ష దాకా

ముక్కు దారి ముగిసి గొంతు మొదలయ్యే చోటు నాసోఫారింక్స్. నోరు తెరిపించి చూసినా, ముక్కులోకి తొంగి చూసినా అది కనబడదు. అక్కడ పుట్టే క్యాన్సర్ ప్రపంచంలో చాలాచోట్ల ఏటా లక్షమందిలో ఒక్కరికైనా రాదు. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్, హాంకాంగ్‌లలో మాత్రం ఎక్కువ. మన దేశంలో నాగాలాండ్‌లో దీని జోరు అధికం.

1854లో మాన్యుయల్ గార్సియా అనే సంగీత గురువు చిన్న అద్దంతో తన స్వరపేటికను తానే చూసుకున్నాడు. నాలుగేళ్లకు చెర్మాక్ అనే శాస్త్రవేత్త ఆ అద్దాన్ని పైకి తిప్పి, కొండనాలుక వెనుకనుంచి ముక్కు వెనుక భాగాన్ని చూశాడు. చూపు చేరింది గానీ కత్తి చేరలేదు. పుర్రె అడుగుభాగం, మెదడుకు నెత్తురు మోసే ధమనులు ఆ పక్కనే ఉన్నాయి మరి. 1921లో ఫ్రాన్సులో రెగో, జర్మనీలో ష్మింకె అనే పరిశోధకులు ఈ కణితిలో లింఫ్ కణాలు దట్టంగా కలిసి ఉండటాన్ని విడివిడిగా వర్ణించారు. ఈ రకం రేడియేషన్‌కు బాగా లొంగుతుంది. దాంతో కోతకన్నా కిరణాలే ముఖ్య చికిత్సగా నిలిచాయి.

కారణాల వేటలో హాంకాంగ్ వైద్యుడు జాన్ హో పసితనం నుంచి తినే ఉప్పుచేపను అనుమానించాడు. మరో దోషి 1964లో వేరే క్యాన్సర్ కణాల్లో దొరికిన ఎప్‌స్టీన్-బార్ వైరస్. 1966లో ఈ రోగుల రక్తంలో దాని యాంటీబాడీలు, 1970లో కణితిలోనే దాని డీఎన్ఏ బయటపడ్డాయి.

ముదిరిన దశలో కిరణాలకు కీమోథెరపీ తోడైతే మూడేళ్లు బతికేవారు 47 నుంచి 78 శాతానికి పెరిగారని 1998లో అమెరికా పరిశోధన తేల్చింది. ఆ తర్వాత హాంకాంగ్‌లో ‘డెన్నిస్ లో’ అనే శాస్త్రవేత్త బృందం రక్తంలో తేలే వైరస్ డీఎన్ఏను కొలిచింది. ఏ లక్షణమూ లేని 20,174 మంది పురుషులను అలా పరీక్షించి 34 మందిలో క్యాన్సర్ పట్టుకుంది. వారిలో 71 శాతం తొలి రెండు దశల్లోనే దొరికారు. పరీక్ష లేని రోజుల్లో అలా దొరికేవారు 20 శాతమే. 2017లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

తెలుగునాట ఇది అరుదు కాబట్టి అందరికీ ఆ రక్తపరీక్ష అక్కర్లేదు. అయితే మెడలో నొప్పిలేని బిళ్ల కట్టినా, ఒకవైపు చెవి మూసుకుపోయినట్టు వారాల తరబడి ఉన్నా, చీమిడిలో నెత్తురు చార పడుతున్నా ఈఎన్‌టీ వైద్యుణ్ణి కలిసి ముక్కు వెనుక ఎండోస్కోపీ చేయించుకోండి.