వించెస్టరు 70వ నమూనా: కడపటి వేఁటతుపాకుల గుణనిర్ణయము

అమెరికాదేశమున న్యూహేవెను పట్టణమందలి వించెస్టరు కర్మాగారమువారు 70వ నమూనా వేఁటరైఫిలును 1936లో నిర్మింప నారంభించిరి. తూటా యంచును బట్టి గొట్టములోనికిఁ జేర్చి, కాల్చినపిదప వెలుపలికి లాగు వెడల్పైన యినుపగోరు దాని ప్రధానగుణము. ఇది జర్మనుల మౌజరు తుపాకినుండి గ్రహింపఁబడినది. 1964లో వ్యయము తగ్గించుటకై యీ గోరు తొలఁగింపఁబడెను. కొయ్యపిడిపైఁ జెక్కుడుగీఁతలకు మాఱుగా నొత్తుడుగీఁత లేర్పడెను. నాఁటినుండి “1964నకుఁ బూర్వము” అను మాటయే సంగ్రాహకులకుఁ బ్రమాణమయ్యెను.

కాని సంవత్సరమాత్రమునఁ దీర్పు సేయరాదు. ఏలయన, 1963నకు ముందటి కడపటి యేండ్లలోని తుపాకులయందే పనితనపు నునుపు తగ్గినది. 1968లో బోల్టు బిగియకుండునట్లు సవరణ చేసిరి. 1990 తరువాత నినుపగోరు మరల వచ్చెను. ఆ కర్మాగారము 2006లో మూఁతపడెను.

వెల వేఱు, గుణము వేఱు. పిడి కోసినను, క్రొత్తరంధ్రములు తొలిచినను, నీలిపూఁత మార్చినను గుఱి చెడకపోవచ్చును. సంగ్రాహకుఁ డిచ్చు వెలమాత్రము తగ్గును. శబ్దమునందు రూఢి యోగమును గెలుచునట్లు అంగడియందుఁ బేరు గుణమును గెలుచును. కావునఁ గొనువాఁడు తేదీని జూచి విడువక, వస్తువును జేతఁబట్టి పరీక్షింపవలెను.