రాయి కాదు, గేట్లను చూడాలి

జగ్గయ్యపేట, నందిగామ మెట్టల్లో నాగార్జునసాగర్ మాట వస్తే అందరూ అడిగేది ఒక్కటే: ఎడమ కాలువకు నీళ్లెప్పుడొదులుతారు? డ్యామ్ ఎలా ఉందని అడిగేవాళ్లు అరుదు. గేట్ల ఫిట్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి, నాకు ముందు డ్యామ్ ఎలా ఉందన్న ప్రశ్నే వస్తుంది.

అడిగే హక్కు మాకు మొదటినుంచీ ఉంది. మా పక్కనే కృష్ణ ఒడ్డున ఉన్న ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ గారు, మద్రాసు ప్రభుత్వం కృష్ణ నీళ్లను పెన్న వైపు మళ్లించాలని చూస్తున్న రోజుల్లో, ఇప్పుడు సాగర్ ఉన్న నందికొండ దగ్గరే ఆనకట్ట కావాలని పట్టుబట్టారు. ఈ సంగతి తేల్చడానికి వేసిన ఖోస్లా కమిటీ 1952లో నందికొండే మేలని చెప్పింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీరు వదిలారు. ఆ నీళ్లు రాకముందు వానే మా పొలాలకు దిక్కు.

124 మీటర్ల ఎత్తున రాయి మీద రాయి పేర్చి కట్టిన డ్యామ్ అది. యంత్రాల కంటే మనుషుల భుజాలే ఎక్కువ మోశాయి. ఇలాంటి రాతి కట్టడంలోకి నీరు కొంత ఊరడం సహజం. అందుకే లోపల గ్యాలరీలు, డ్రైన్లు ఉంటాయి. ఊట ఎంత వస్తోంది, తేటగా వస్తోందా, వెంట సున్నం కొట్టుకొస్తోందా అని ఏటా కొలిచి చూడాలి. నిరుటికీ ఇప్పటికీ తేడా కనిపిస్తే పట్టించుకోవాలి.

అయినా నా భయం రాయి మీద కాదు, ఇనుము మీద. స్పిల్‌వే రాతికట్టు 546 అడుగుల మట్టం దగ్గర ఆగిపోతుంది. పూర్తి మట్టం 590. ఆ పైనున్న 44 అడుగుల నీటిని ఆపేది 26 గేట్లు. ఒక్కోటీ 45 అడుగుల వెడల్పు. గేటు చేతులు మోసే బరువంతా చివరనున్న పిన్నుల మీద పడుతుంది. అక్కడ గ్రీజు ఎండితే పిన్ను తిరగనని మొరాయిస్తుంది, చేతులు వంగుతాయి. తీగతాడులో ఒక్క పోగు తెగినా చేత్తో తడిమితే తెలుస్తుంది, దూరం నుంచి చూస్తే తెలీదు. పెయింటు కింద తుప్పూ అంతే.

2021 ఆగస్టు 5న మాకు దగ్గరలోని పులిచింతలలో 16వ గేటు ఊడి కొట్టుకుపోయింది. ఆ ప్రాజెక్టుకు అప్పటికి పదేళ్లు కూడా నిండలేదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్రలో గొలుసు తెగి 19వ గేటు పోయింది. అది డెబ్బై ఏళ్ల డ్యామ్. పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్ (పోయిన గేటు చోట అడ్డంగా దించే ఇనుప పలక) దింపి ఆపిన గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారిని తలుచుకుంటే నాకిప్పటికీ గర్వంగా ఉంటుంది.

పూడిక మాటా ఉంది. ఒకప్పుడు 408 టీఎంసీలు పట్టిన సాగర్‌లో ఇప్పుడు 312 టీఎంసీలే. 2009 అక్టోబరులో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. శ్రీశైలం, సాగర్ కొంత పట్టి ఆపబట్టే ప్రకాశం బ్యారేజీకి 11 లక్షలే చేరాయి. ఆ పట్టే చోటు తగ్గిపోతుంటే, వరద రోజున గేట్లు ఒక్క నిమిషం ఆలస్యం లేకుండా లేవాలి.

అందుకే మా నీటి సంఘాల సమావేశంలో ప్రతి జూన్‌లోనూ విడుదల తేదీతోపాటు ఇంకో మూడు సంగతులు చదివి వినిపించాలని నా కోరిక: గేట్లు ఎత్తి దించి చూసిన తేదీ, మార్చిన తీగతాళ్ల సంఖ్య, గ్యాలరీలో ఊట లెక్క.