ఉప ఎన్నిక, ఉప సభాపతి

పులివెందుల నియోజకవర్గం తన తొలి మహిళా శాసనసభ్యురాలిని ఒక్క ఓటు కూడా వేయకుండా ఎన్నుకుంది. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారు. ఖాళీ అయిన స్థానానికి ఆయన భార్య విజయమ్మ కాంగ్రెస్ తరఫున నామినేషన్ వేశారు. ప్రధాన ప్రతిపక్షం పోటీ పెట్టలేదు. ఎన్నిక ఏకగ్రీవమైంది. పులివెందుల, సింహాద్రిపురం, లింగాల, తొండూరు, వేముల, వేంపల్లె, చక్రాయపేట - ఈ ఏడు మండలాల్లో ఎక్కడా పోలింగ్ బూత్ తెరవలేదు. ఎవరి వేలికీ సిరా అంటలేదు.

దుఃఖంలో ఉన్న ఇంటి మీద పోటీకి దిగకపోవడం మర్యాద. ఆ మర్యాదను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అయితే 1955 నుంచి మగవాళ్లే గెలుస్తూ వచ్చిన స్థానంలో ఒక స్త్రీ అడుగుపెట్టడానికి పోటీ మొత్తం పక్కకు తప్పుకోవలసి వచ్చిందన్నది మాత్రం మనం గమనించాలి. మగవాడికి ఎన్నిక అంటే యుద్ధం. స్త్రీకి అదే ఎన్నిక పరామర్శ అయింది.

'ఏకగ్రీవం' అనే మాటను విడదీస్తే 'ఒకే మెడ', ఇంకాస్త సాగదీస్తే 'ఒకే గొంతు'. సీమ పల్లెల్లో ఈ మాటకు అర్థం నిఘంటువులో దొరకదు. సింహాద్రిపురం పక్క పల్లెలో పుట్టి పెరిగిన మా జేజి, ఊళ్లో సర్పంచి ఎన్నికలప్పుడు ఎవరికి ఓటేశావని అడిగితే, "యాడ ఓటు నాయనా, పెద్దోళ్లు కూర్చోని ఒప్పుకున్యారంట" అనేది. చీనీ తోటల్లో కాయలు కోసే ఆడవాళ్లకి ఆ 'కూర్చోవడం'లో చోటుండదు. ఒప్పుకున్న గొంతు ఎవరిదో వాళ్లకి తెలుసు. 2021 పంచాయతీ ఎన్నికల్లో ఏకగ్రీవమైన పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రోత్సాహకం ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వమే ప్రకటించింది. ఓటు వేయకపోవడానికి ధర కట్టిన ప్రకటనగా నేను దాన్ని చదువుకున్నాను. సర్పంచి పదవుల్లో సగం స్త్రీలకు కేటాయించిన రాష్ట్రంలో ఈ ధర ఎవరి గొంతు మీద పడుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

కడప జిల్లాలో స్త్రీలు శాసనసభకు వెళ్లిన దారులు చూస్తే 'ఉప' అనే ఉపసర్గ మాటిమాటికీ ఎదురవుతుంది. బద్వేలులో బిజివేముల వీరారెడ్డి చనిపోయాక 2001 ఉప ఎన్నికలో ఆయన కూతురు విజయమ్మ గెలిచారు. అదే బద్వేలు ఎస్సీ రిజర్వుడు అయ్యాక, 2021లో శాసనసభ్యుడు వెంకటసుబ్బయ్య మరణిస్తే ఆయన భార్య దాసరి సుధ ఉప ఎన్నికలో నిలబడ్డారు. తెలుగుదేశం, జనసేన పోటీకి రాలేదు. ఆమె 90 వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచారు. ఆ ఎన్నికలో కాంగ్రెస్ తరఫున నిలబడిన మరో స్త్రీ పి.ఎం. కమలమ్మ. ఎవరూ చనిపోకుండానే, 2009 సాధారణ ఎన్నికల్లో అదే బద్వేలు నుంచి గెలిచిన మనిషి. ఆమెను ఎంతమంది గుర్తుపెట్టుకున్నారు?

వారసత్వం ఎప్పుడూ స్త్రీకే వస్తుందనీ కాదు. జమ్మలమడుగులో మాజీ మంత్రి పొన్నపురెడ్డి శివారెడ్డి 1993లో హత్యకు గురయ్యాక ఆ రాజకీయం అన్న కొడుకు రామసుబ్బారెడ్డికి వచ్చింది. 1994లో ఆయన గెలిచారు. అక్కడ కావలసింది కక్షను, కార్యకర్తలను మోయగల మగ భుజం. స్థానాన్ని కాపాడితే చాలు అనుకున్నప్పుడు స్త్రీని పిలుస్తారు. దాన్ని పట్టుకుని పోరాడాలి అనుకున్నప్పుడు మగవాణ్ణి వెతుకుతారు. నాకు అర్థమైనంతలో ఫ్యాక్షన్ సీమలో స్త్రీ అభ్యర్థిత్వానికి వ్యాకరణం ఇది.

ఇలా సభ గుమ్మం దాటిన స్త్రీలకు లోపల ఎక్కడ కుర్చీ వేశారు? ఇక్కడ కథ చాలా వెనక్కి వెళుతుంది. కడప మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1927లో, డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి మద్రాసు శాసనమండలికి నామినేట్ అయ్యారు. మండలి ఆమెను ఉపాధ్యక్షురాలిగా ఏకగ్రీవంగా ఎన్నుకుంది. 1937లో మద్రాసు శాసనసభకు బులుసు సాంబమూర్తి స్పీకర్ అయితే, డిప్యూటీ స్పీకర్ ఆచంట రుక్మిణీ లక్ష్మీపతి. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లిన స్త్రీ ఆమె. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1960లో టి.ఎన్. సదాలక్ష్మి డిప్యూటీ స్పీకర్ అయ్యారు. 2007లో జి. కుతూహలమ్మ. 2014లో తెలంగాణ తొలి సభకు పద్మా దేవేందర్ రెడ్డి. 2021 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనమండలికి రాయచోటి నుంచి జకియా ఖానమ్. ఈ వరుసంతా 'ఉప'లే.

సదాలక్ష్మి దగ్గర కొంచెం ఆగాలి. సికింద్రాబాద్ వైపు మాదిగ కుటుంబంలో పుట్టిన మనిషి. 1957లో శాసనసభకు గెలిచారు. దేవాదాయ శాఖ మంత్రిగా కూడా పనిచేశారు. ఒక మాదిగ స్త్రీ గుళ్ల శాఖను చూడడం ఆనాటికి ఏమిటో ఊహించుకోండి. తర్వాత 1969 తెలంగాణ ఉద్యమంలో ముందు నిలిచారు. గోగు శ్యామల రాసిన 'నేనే బలాన్ని' చదివిన వాళ్లకి ఆమె ఎవరి నీడలోనూ నడవలేదని తెలుసు. ఎవరి మరణమూ ఆమెకు సీటు ఖాళీ చేయలేదు. అయినా సభ నడిపే చోట ఆమెకు దక్కింది రెండో కుర్చీయే.

మొదటి కుర్చీ తెలుగు నేల మీద ఒక్కసారే దక్కింది. 1999లో ఎచ్చెర్ల సభ్యురాలు కావలి ప్రతిభా భారతి స్పీకర్ అయ్యారు. 1983 నుంచి అదే స్థానంలో వరుసగా గెలుస్తూ వచ్చిన నాయకురాలు, హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ కె. పున్నయ్య కూతురు. కొత్త స్పీకర్‌ను సభానాయకుడు, ప్రతిపక్ష నాయకుడు వెంట ఉండి కుర్చీ దాకా తీసుకెళ్లడం ఆనవాయితీ. ఆ సభలో ప్రతిపక్ష నాయకుడు పులివెందుల సభ్యుడు రాజశేఖరరెడ్డే. అయిదేళ్లు ఆయన, ఆయన పక్షం 'అధ్యక్షా' అని సంబోధించింది ఒక దళిత స్త్రీని. సాహిత్య విద్యార్థినిగా నాకు ఆ పిలుపు మీద మోజు. అధ్యక్షుడికీ అధ్యక్షురాలికీ అదే సరిపోతుంది. తెలుగు సభ తెలియకుండానే ఒక లింగరహిత మాటను సంపాదించుకుంది. 'సభాపతి' మాత్రం లొంగదు. అందులో పతి కూర్చుని ఉన్నాడు. 2007లో ప్రతిభా పాటిల్ ఎన్నికైనప్పుడు 'రాష్ట్రపతి' మాట మీద దేశమంతా జరిగిన చర్చ మనకు గుర్తుంది. సభాపతి మీద మనం ఆ చర్చ చేయనే లేదు. స్త్రీ ఆ కుర్చీలో అయిదేళ్లే కూర్చుంది కాబట్టి అవసరం పడలేదేమో!

సదాలక్ష్మి, ప్రతిభా భారతి, కుతూహలమ్మ ముగ్గురూ దళిత స్త్రీలు. ఇది యాదృచ్ఛికం అనుకోను. ఆధిపత్య కులాల స్త్రీ తన ఇంటి నియోజకవర్గానికి కాపలాగా వస్తుంది. ఆ కాపలా ఇంటి మగవాడు వచ్చేదాకానే. దళిత స్త్రీ రిజర్వుడు స్థానం నుంచి తన బలంతో వస్తుంది. ఆమెను సభాస్థానంలో కూర్చోబెట్టినప్పుడు ఆ గౌరవం పార్టీ ఖాతాలో పడుతుంది. శాఖలూ నిధులూ మాత్రం వేరే చేతుల్లో ఉంటాయి. దాన్ని కానుక అనుకుంటే ఆ ముగ్గురి పనినీ తక్కువ చేసినట్టు. వాళ్లకి పై మెట్టు ఎందుకు దొరకలేదని అడగకపోతే పార్టీలను వదిలేసినట్టు.

స్పీకర్ కుర్చీ ఉత్త అలంకారమైతే ఇంత ఆలోచించనక్కర్లేదు. 1995 ఆగస్టు సంక్షోభంలో తెలుగుదేశం శాసనసభాపక్ష నాయకుడెవరో గుర్తించింది స్పీకర్ యనమల రామకృష్ణుడు. ఆ గుర్తింపు దొరికింది చంద్రబాబు నాయుడుకి, ముఖ్యమంత్రి పదవి పోయింది ఎన్.టి. రామారావుకి. జనం చెప్పుకునే కథలో మాత్రం అన్నిటికీ కారణం లక్ష్మీపార్వతి. శాసనసభ నిబంధనలు, సంఖ్యలు, స్పీకర్ నిర్ణయం అన్నీ వెనక్కి పోయి, ఒక ఆడది ముందుకొచ్చింది. కుర్చీలో లేని స్త్రీకి నింద మాత్రం మొదటి స్థానంలోనే దొరుకుతుంది.

2024లో పులివెందులకు మళ్లీ స్పీకర్‌తో పని పడింది. 175 మంది సభలో 11 మందితో మిగిలిన వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ నాయకుడు జగన్మోహన్ రెడ్డి తనకు ప్రతిపక్ష నాయకుడి హోదా కావాలని స్పీకర్ అయ్యన్నపాత్రుడికి లేఖ రాశారు, హైకోర్టుకూ వెళ్లారు. పదో వంతు సభ్యులు లేరన్నది అవతలి వాదన. అంతకుముందు జూన్ 22న స్పీకర్ ఎన్నిక ఏకగ్రీవంగా జరిగిన రోజు ఆ పార్టీ సభ్యులు సభకు రాలేదు. ఒకే గొంతు అన్నచోట రాని గొంతులు కూడా ఉంటాయి.

పోటీ పడి ఆ కుర్చీ గెలిచిన స్త్రీ ఉండదా అంటే, బ్రిటన్‌లో ఉంది. 1992లో కామన్స్ సభ బెట్టీ బూత్రాయిడ్‌ను స్పీకర్‌గా ఎన్నుకున్నప్పుడు ఓట్లు 372, 238గా చీలాయి. అధికార పక్షానికి చెందిన మాజీ మంత్రి పీటర్ బ్రూక్‌ను ప్రతిపక్ష సభ్యురాలు ఓడించింది. ఏమని పిలవాలో కూడా ఆమే చెప్పింది, మేడమ్ అనమని. ఆ 238 ఓట్లు ఆమెకు అవమానం కాలేదు. తన మీద పోటీ పడదగిన మనిషిగా సభ ఆమెను గుర్తించింది.

ముత్తులక్ష్మీ రెడ్డి, జకియా ఖానమ్‌ల మధ్య 94 ఏళ్లున్నాయి. ఇద్దరూ ఓటర్ల ఎన్నికతో కాక నామినేషన్‌తోనే మండలికి వచ్చారు. ఇద్దరినీ ఉపాధ్యక్ష స్థానానికి ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. 1930లో గాంధీ అరెస్టుకు నిరసనగా ముత్తులక్ష్మి మండలి నుంచి తప్పుకున్నారు. దేవదాసీ వ్యవస్థ మీద తాను చేసిన పోరాటంతో సహా ఆ మూడేళ్ల అనుభవాన్ని పుస్తకంగా రాశారు. జకియా ఖానమ్ 2025 మే నెలలో రాజీనామా చేసి బీజేపీలో చేరారు. ఆమె తన కుర్చీ అనుభవం గురించి రాస్తే బాగుండును. ఈ జిల్లా ముస్లిం స్త్రీ ఒక సభను ఎలా నడిపిందో మనకు ఏ పుస్తకమూ చెప్పదు.

2010 నవంబరులో విజయమ్మ కొడుకుతో పాటు కాంగ్రెస్‌కు, పదవికి రాజీనామా చేశారు. 2011 మే 8న మళ్లీ ఉప ఎన్నిక. ఈసారి మర్యాదలు లేవు. ఎదురుగా నిలబడింది మరిది, అప్పటి మంత్రి వివేకానందరెడ్డి. పత్రికలు దాన్ని వదిన మరుదుల పోరుగా రాశాయి. విజయమ్మ 81 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఏకగ్రీవంతో వచ్చిన సీటుకు, ఓట్లతో వచ్చిన సీటుకు తేడా ఉంది. 2012లో కొడుకు జైల్లో ఉండగా ఉప ఎన్నికల ప్రచారం మోసింది ఆమే. ఆ తర్వాత శాసనసభలో పార్టీ పక్ష నాయకురాలిగా నిలబడింది ఆమే. ఆ రెండేళ్లు పులివెందుల సభ్యురాలు సభలో ఒక పక్షాన్ని నడిపింది. చరిత్రకారులు దాన్ని మధ్యకాలపు సర్దుబాటుగా రాస్తారని నా అనుమానం. 2014లో పులివెందుల కొడుక్కి వెళ్లింది, ఆమెకు విశాఖపట్నం లోక్‌సభ స్థానం ఇచ్చారు, అక్కడ ఓడిపోయారు. కాపలా కాసిన ఇల్లు ఎవరి పేరు మీద ఉందో అప్పుడు తెలిసింది.

2024లో కూతురు షర్మిల కడప లోక్‌సభకు కాంగ్రెస్ అభ్యర్థిగా నిలబడ్డారు. పక్కన వివేకానందరెడ్డి కూతురు సునీత. 2019 మార్చిలో హత్యకు గురైన తండ్రికి న్యాయం అడుగుతూ ఆమె ఊరూరూ తిరిగారు. 2011లో ఎదురెదురుగా నిలబడిన ఇద్దరి కూతుళ్లూ ఒకే వాహనం మీద నిలబడ్డారు. షర్మిలకు లక్షా 41 వేల ఓట్లు వచ్చాయి, మూడో స్థానం. ఓడిపోయారు, నిజమే. కానీ ఆ పోటీకి ఎవరూ దారి వదల్లేదు. ఆమె కూడా ఎవరినీ దారి వదలమని అడగలేదు.

2025 ఆగస్టు 12న పులివెందుల జడ్పీటీసీ స్థానానికి పోలింగ్ జరిగింది. మళ్లీ ఉప ఎన్నికే. తెలుగుదేశం తరఫున మారెడ్డి లతారెడ్డి. ఈమె కూడా ఒక నాయకుడి భార్యే. 2024లో జగన్ మీద పోటీ చేసి ఓడిన సింహాద్రిపురం మండలం నేత బీటెక్ రవి భార్య. ఆమెకు 6,716 ఓట్లు, వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ అభ్యర్థికి 683. దొంగ ఓట్లు వేయించారని, తమ వాళ్లను బూతుల దాకా రానివ్వలేదని ఓడిన పక్షం ఆరోపించింది, గెలిచిన పక్షం కాదంది. రెండు చోట్ల రీపోలింగ్ కూడా జరిగింది. దాడులు, కేసులు, పోలీసు బందోబస్తు మధ్య బూతుల ముందు వరుసల్లో ఆడవాళ్లు నిలబడ్డారు. ఆ పెట్టెల్లో పడిన ప్రతి ఓటూ వేసినవాళ్లదేనా, కాదా అన్న వాదన తెగలేదు. కనీసం వాదించుకోవడానికి ఈసారి ఓట్లంటూ ఉన్నాయి.