గోధుమ మన వంటింట్లోకి ఎలా వచ్చింది? హైటెక్ సిటీలో గ్లూటెన్ లేని బతుకు

ఇవాళ గోధుమ చరిత్ర చెప్పుకుందాం. ఎందుకంటే నేను గోధుమ తినలేను.

నాకు సీలియాక్ ఉంది. గోధుమ, బార్లీ, రై... ఈ మూడు ధాన్యాల్లో గ్లూటెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. అది నా కడుపులోకి వెళ్తే, ఒంట్లో ఉన్న రక్షణ వ్యవస్థ పొరపాటు పడి నా చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. ఆహారాన్ని పీల్చుకునే లోపలి పొర అరిగిపోతుంది. తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గుతుంది, ఎముకలు బలహీనపడతాయి. ఇప్పటికి దీనికి ఉన్న వైద్యం ఒక్కటే, జీవితాంతం గ్లూటెన్ మానేయడం. బరువు తగ్గడానికి చపాతీ మానేసేవాళ్ల కథ వేరు, ఇది వేరు.

నా ఆఫీసు మాదాపూర్‌లో. మా ఫ్లోర్‌లో వారానికి ఒక బర్త్‌డే కేక్ అయినా కోస్తారు. అక్కడ నవ్వి తప్పించుకోవచ్చు, ఎవరూ పట్టించుకోరు. ఇంట్లో ఫంక్షన్లే కష్టం. గృహప్రవేశం అంటే సత్యనారాయణ వ్రతం, వ్రతం అంటే ప్రసాదం, ప్రసాదం అంటే గోధుమ రవ్వ. అన్నవరం ప్రసాదం కూడా గోధుమ నూక, బెల్లం, నెయ్యే కదా. చెయ్యి చాపకుండా నిలబడితే మేనత్త మొహం మారిపోతుంది. "దేవుడి ప్రసాదం వద్దంటావా? రవ్వంత తింటే ఏం కాదు." అవుతుంది అత్తా. బిర్యానీలో ఉప్పు ఎక్కువైతే ఇంకొంచెం అన్నం కలిపి సర్దేయొచ్చు, పేగుకి అలా సర్దుబాటు లేదు.

అమ్మమ్మ మాత్రం కోప్పడదు. ఒకటే అడుగుతది: "మా కాలంల గీ రోగం యాడుంది బిడ్డా?"

చాలా మంచి ప్రశ్న. చరిత్రకారులు అడగాల్సిన ప్రశ్న. ఈ ఎపిసోడ్ దానికి జవాబే.

ముందు రోగం సంగతి. 1887లో లండన్‌లో శామ్యూల్ గీ అనే డాక్టర్ ఈ జబ్బు గురించి లెక్చర్ ఇచ్చాడు. నయం చేసేది ఏదైనా ఉంటే అది ఆహారమే అన్నాడు గానీ, ఏ ఆహారమో పట్టుకోలేకపోయాడు. మధ్యలో అమెరికాలో పిల్లలకి అరటిపండ్ల డైట్ పెట్టారు, 1924లో. పిల్లలు కోలుకునేవాళ్లు. అరటిపండులో మహిమ ఉందనుకున్నారు, దాంతోపాటు రొట్టె మానేశారన్న సంగతి ఎవరికీ తట్టలేదు. చివరికి తేల్చింది నెదర్లాండ్స్ పిల్లల డాక్టర్ విల్లెమ్ డికే. ఆయనకి 1930లలోనే గోధుమ మీద అనుమానం ఉంది. 1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం ఆక్రమణలో ఉన్న ఆ దేశంలో కరువొచ్చింది. రొట్టె లేదు, జనం తులిప్ దుంపలు తిని బతికారు. ఊరంతా చిక్కిపోతుంటే సీలియాక్ పిల్లలు మాత్రం మెరుగయ్యారు. మళ్లీ రొట్టె దొరకగానే మళ్లీ జబ్బు. 1950లో ఆయన దీని మీద థీసిస్ రాశాడు. అంటే, కారణం గోధుమ అని ప్రపంచానికి తెలిసే నాటికి మా అమ్మమ్మ చిన్నపిల్ల.

ఇక మన దేశం. 2016లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో ఉత్తరం, ఈశాన్యం, దక్షిణం కలిపి 23,000 మందికి పైగా రక్తం పరీక్షించారు. ఉత్తరాన నూటికి 1.23 మంది రక్తంలో సీలియాక్ యాంటీబాడీలు కనిపించాయి. దక్షిణాన నూటికి 0.10, అంటే వెయ్యిలో ఒకరు. దక్షిణం శాంపిల్ తమిళనాడు వేలూరు వైపుది, మనది కాదు, అది గుర్తుంచుకోండి. ఇప్పుడు అసలు విషయం. ఈ జబ్బు రావడానికి కావాల్సిన జన్యువులు ఉత్తరాన, దక్షిణాన దాదాపు సమానంగానే, మూడో వంతు మందిలో ఉన్నాయి. తేడా కంచంలో ఉంది. అక్కడ రోజుకి 455 గ్రాముల గోధుమ, ఇక్కడ 25 గ్రాములు.

అర్థమైందా? జబ్బు పడే అవకాశం మన ఒంట్లోనూ ఎప్పటినుంచో ఉంది. గోధుమే అంతగా లేదు.

అసలే లేదని కాదు. నవధాన్యాల్లో గోధుమ ఉంది. ఉగాదికి భక్ష్యాలు ఉన్నాయి. హైదరాబాద్ పాతబస్తీలో పురానీ హవేలీ దగ్గర మున్షీ నాన్ దుకాణం 1851లో మొదలైంది. హలీం సంగతి చెప్పక్కర్లేదు, 2010లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది, దాని ప్రాణమే దంచిన గోధుమ. కానీ ఇవన్నీ పండగ తిండి, పట్నం తిండి, నవాబుల తిండి. ఊళ్లో రోజూ తినేది తెలంగాణలో జొన్న రొట్టె, జొన్న గటక, చెరువు కింద పొలాలుంటే వరి అన్నం. ఏడాదికి నాలుగు రోజులు కొంచెం గోధుమ తింటే, ఎవరికైనా జబ్బున్నా అది బయటపడడం కష్టం. "పిల్ల బక్కగుంది" అని ఊరుకునేవాళ్లు. కాబట్టి అమ్మమ్మ కాలంలో రోగం అసలు లేదని కూడా నేను అనను.

మరి రోజువారీ గోధుమ ఎప్పుడొచ్చింది? మెల్లగా, చాలా దారుల్లో. 1956లో పీఎల్-480 కింద అమెరికాతో ఒప్పందమై గోధుమ ఓడల్లో దిగింది. 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల పొట్టి రకం గోధుమ విత్తనం తెప్పించారు. పంజాబ్ పొలాలు నిండాయి, దేశమంతా పిండి చవకైంది. మన దగ్గర ఇంకోటి జరిగింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం తెచ్చింది. పేదవాడి కంచంలోకి తెల్లన్నం వచ్చింది, అది చిన్న విషయం కాదు. కానీ జొన్న వెనక్కి పోవడానికి అదీ ఒక కారణం. తర్వాత షుగర్ జబ్బు పెరిగింది, "రాత్రిపూట అన్నం మానండి" అన్నారు. జొన్న రొట్టె చెయ్యడం అప్పటికే సగం ఇళ్లలో మర్చిపోయారు. ఆ ఖాళీలోకి చపాతీ వచ్చి కూర్చుంది. ఇక 1998లో సైబర్ టవర్స్ తెరిచాక వచ్చిన పిజ్జా, బర్గర్, పరోటా రోల్, అర్ధరాత్రి కేక్... మీకు నేను చెప్పాలా?

ఇప్పుడు బేకింగ్‌కి వద్దాం, నాకిష్టమైన భాగం. బ్రెడ్ ఎందుకు పొంగుతుంది? గ్లూటెన్ సాగుతుంది, గాలి బుడగల్ని బెలూన్‌లా పట్టుకుంటుంది. అది లేకపోతే బ్రెడ్ ఇటుకే. ఇంటర్నెట్‌లో చూస్తే బాదం పిండి, జాంతన్ గమ్, ఖరీదైన మిక్స్‌లు చూపిస్తారు. కానీ ఒక్క చిటికెడు గ్లూటెన్ లేకుండా పొంగేది మన ఇంట్లోనే ఉంది, ఇడ్లీ! మినప్పప్పు జిగురు ఆ బుడగల్ని పట్టుకుంటుంది. కోస్తావాళ్ల దిబ్బరొట్టె చూడండి: మినప్పిండి, బియ్యం రవ్వ, మందపాటి గిన్నె, సన్న మంట. పైన కరకర, లోపల దూది. మా ఇంట్లో నా బర్త్‌డేకి కోసేది అదే, పైన బెల్లం పాకం, కొబ్బరి వేసి. ఫొటోకి అంత బాగుండదు, ఒప్పుకుంటా.

జొన్న రొట్టెదీ అదే తెలివి. పిండిలో సాగే గుణం లేదు, కర్రతో ఒత్తితే పగులుతుంది. అందుకే మరిగే నీళ్లు పోసి కలుపుతారు, పిండి కొంచెం ఉడికి జిగురొస్తుంది, అప్పుడు చేత్తో తడతారు. సంక్రాంతి సకినాలూ అంతే. తడి బియ్యప్పిండి, నువ్వులు, వాము, గుడ్డ మీద వేళ్లతో తిప్పడం. ఈ వంటలన్నీ గ్లూటెన్ లేని పిండితో ఎలా పని చేయించాలో తెలిసినవాళ్లు కనిపెట్టినవి. అరిసెలు, సర్వపిండి కూడా నావే.

కానీ జాగ్రత్త. సకినాలు వేయించిన నూనెలోనే ముందు మైదా గర్జెలు వేయించారా? అయితే అవి నాకు పనికిరావు. అందుకే పండక్కి మా అమ్మ ముందు సకినాలు తీసి, నా డబ్బా మూత పెట్టాకే గర్జెలు మొదలుపెడుతుంది. పులిహోరలో ఏముంటుంది అనుకుంటారు, ఇంగువ ఉంటుంది. బజార్లో దొరికే చాలా రకాల ఇంగువలో మైదా కలుస్తుంది, డబ్బా వెనక చదవండి. దమ్ బిర్యానీ గిన్నె మూతకి పెట్టేది గోధుమ పిండి ముద్దే. సోయా సాస్‌లో గోధుమ, బీరులో బార్లీ. ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని వేయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదని మన ఆహార భద్రతా సంస్థ నిబంధన. ఆ 20 మిల్లీగ్రాములు ఎంతో తెలిస్తే "రవ్వంత" అనే మాట ఎవరూ అనరు.

వ్రతం సంగతి మిగిలింది కదా. మొన్న మా ఇంట్లో అయ్యగారినే అడిగాను. అరటిపండు, పాలు, తేనె కూడా స్వామికి నైవేద్యమే, అది తీసుకో అమ్మా అన్నారు. మేనత్త విన్నది. ఏమీ అనలేదు గానీ, వెళ్లేటప్పుడు అరటిపండు ఆమే నా చేతిలో పెట్టింది.

ఇంకొక్క మాట. కొండాపూర్, మాదాపూర్ రోడ్ల పక్కన సాయంత్రం జొన్న రొట్టెలు తట్టే అక్కలు ఉంటారు కదా. ఐటీ జనమే వాళ్ల గిరాకీ. కొంతమంది రొట్టె పగలకుండా గోధుమ పిండి కలుపుతారు, ఇంకొందరు అదే పెనం మీద చపాతీ కాలుస్తారు. "అక్కా, పిండిలో ఏమన్నా కలుపుతరా? పెనం ఒక్కటేనా?" అని అడగండి. నేను వెళ్లే అక్క మొదటిసారి నన్ను ఎగాదిగా చూసింది. ఇప్పుడు నేను కనిపిస్తే పెనం కడిగి పెడుతుంది.